బ్యారెల్ రేటు వెంట గంగాలిన్ దాకా

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళంతా మొదట అడిగేది కంగారూ గురించే. చూశాను నాయనా, హైవే పక్కన పసుపు బోర్డు మీద. ప్రాణమున్న కంగారూ ఒక్కటి కూడా నాకోసం తీరిక చేసుకోలేదు. సిడ్నీలో తెల్లటి డిప్పలు బోర్లించినట్టుండే ఆ పెద్ద భవనాన్ని కూడా కారులోంచే చూపించారు, ఆపడానికి చోటు దొరక్క. నేను కళ్ళారా, తీరిగ్గా, నాలుగు గంటల సేపు చూసింది గౌల్‌బర్న్ అనే ఊళ్ళో ఒక పెట్రోలు బంకు. దానికీ ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు మూర్తి, మా చెల్లెలి మొగుడు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను కోనసీమలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఫైనలియర్ పిల్లలకి ఏటా ఒక పాఠం ఉండేది: ఒకే సరుకు అమ్ముకుని బతికే దేశాల గురించి. చమురు దేశాలే దానికి పెద్ద ఉదాహరణ. చమురు ధర లేస్తే రోడ్లు, ఆసుపత్రులు, ఆకాశాన్నంటే మేడలు. పడితే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఈ పాఠం నేను బాగా చెబుతానని పేరు. చమురు బావిని మాత్రం ఎన్నడూ దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. మా కొబ్బరి తోటల వెనక గ్యాసు మంట కనబడేది, అంతే.

చమురుతో నిజంగా కాపురం చేసింది మా చెల్లెలు లలిత. మూర్తి ఒక ఎడారి దేశంలో ఇరవై రెండేళ్ళు డ్రిల్లింగ్ ఇంజనీరు. ఆ దేశం పేరు రాయొద్దని నాకు గట్టి షరతు పెట్టాడు. "రేపు మళ్ళీ వీసా కావాల్సి వస్తే వదినగారూ?" అన్నాడు. ఆ 'రేపు మళ్ళీ' అనే రెండు మాటల చుట్టూనే మా మూడు రోజుల ప్రయాణం తిరిగింది.

పెండిల్ హిల్: ముందు రేటు, తర్వాత కాఫీ

సిడ్నీకి పడమటివైపు పెండిల్ హిల్‌లో వాళ్ళ ఇల్లు. రెండు వీధులు నడిస్తే చాలు, మన కొట్లన్నీ ఉంటాయి. గోంగూర ఉంది, ములక్కాడలు ఉన్నాయి, పూతరేకులు కూడా ఉన్నాయి. పది కరివేపాకు రెబ్బలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూడు డాలర్లన్నారు. మా పెరట్లో చెట్టు గోడ దాటి అవతలకి పోతుంటే కొట్టి పారేస్తాం. ఆ లెక్కన నేను ఇంటి దగ్గర పారేసినదానితో ఇక్కడ కొట్టు పెట్టుకోవచ్చు.

మూర్తి పొద్దున లేవగానే దణ్ణం పెట్టుకోడు, పళ్ళు తోముకోడు. కళ్ళజోడు తడుముకుని, ఫోన్ తీసి, ముడి చమురు బ్యారెల్ రేటు చూస్తాడు. చూసి ఇల్లంతా వినబడేలా చదువుతాడు. ఆ తర్వాతే ఆ ఇంట్లో కాఫీ. ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది, చమురుతో ఇప్పుడతనికి ఏ సంబంధమూ లేదు. ఇక్కడ మున్సిపాలిటీ లాంటి ఒక కౌన్సిల్ ఆఫీసులో వాన నీటి కాలువల ఇంజనీరు. అయినా రేటు చూడందే గొంతులో కాఫీ దిగదు.

"రెండు డాలర్లు లేచింది వదినగారూ!" అన్నాడు శుక్రవారం పొద్దున. మొహం చేటంత అయింది.

"అయ్యో, మళ్ళీనా! ఇక బంకుల వాళ్ళు ఊరుకుంటారా?" అని లలిత కప్పు ఠక్కున పెట్టింది.

ఒకే కబురు, ఒకే బల్ల. మొగుడు మురిసిపోతున్నాడు, పెళ్ళాం విసుక్కుంటోంది. ముప్ఫై ఏళ్ళు నేను బోర్డు మీద గీసిన ఎగుమతి దేశం, దిగుమతి దేశం ఇడ్లీలు తింటూ నా ఎదురుగా కూర్చున్నాయి. నాకు భలే ముచ్చటేసింది.

ఎడారి దేశంలో ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు రేటు మీదే నడిచిందట. రేటు బాగుంటే బోనసు, గాజులు, విమానంలో ఇండియా ప్రయాణం. రేటు పడితే మేఘన స్కూలు వ్యాను మానేయడం. మేఘన వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడాది. ఇంటికే కాదు, ఆ దేశానికే అంతేనట. బియ్యం బయటిది, టమాటా బయటిది, ఆఖరికి తాగే నీళ్ళు కూడా చమురు మండించి సముద్రంలోంచి తీసినవే. "నీళ్ళ సీసా కంటే పెట్రోలే చవక అక్కా. మా పక్కింటావిడ కూరగాయల కొట్టుకి వెళ్ళి బయట కారు ఇంజను ఆపేది కాదు, ఏసీ పోతుందని" అంది లలిత. పన్నులు లేవు, కరెంటు బిల్లు నామమాత్రం. ఆ ఊరి వాళ్ళందరికీ సర్కారు ఉద్యోగాలు. అందరి జీతాలూ వచ్చేది ఆ నేలలోని రంధ్రాల్లోంచే.

ఒక ఏడాది రేటు ధడేలున పడింది. క్రేనులు సగం కట్టిన మేడల మీద అలాగే నిలబడిపోయాయి. మూర్తి ఆఫీసులో ఫ్లోరుకి ఫ్లోరే ఖాళీ అయింది. మేఘన క్లాసులో పుట్టినరోజు కేకు సగానికి సగం మిగిలిపోయేదట, తినే పిల్లలు వెళ్ళిపోయి. చివరికి వీళ్ళ వంతూ వచ్చింది. ముప్ఫై రోజుల్లో దేశం వదలమన్నారు. అలా వచ్చి ఇక్కడ పడ్డారు.

ఇప్పుడు రేటు లేచింది. పాత కంపెనీ నుంచి కబురొచ్చింది. మూడేళ్ళ కాంట్రాక్టు, పాత హోదా, ఇక్కడి జీతానికి మూడింతలు. పెళ్ళానికీ పిల్లకీ వీసా లేదు, ఒక్కడే వెళ్ళాలి. ఆదివారం సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. వాళ్ళకి ఆదివారం పనిదినం.

"వదినగారు ఎకనామిక్స్ చదివారు. ఆవిడ ఎలా అంటే అలా" అని మూర్తి తీర్పు నా నెత్తిన పెట్టాడు. లలిత కూడా సరేనంది. ఆ క్షణం నుంచి నాకు రాజభోగమే. మూర్తి వెళ్ళి నాకోసం వేడి జిలేబీ తెచ్చాడు. లలిత డబ్బాలో దొరికే పచ్చి పనసకాయతో పొట్టు కూర చేసి, ఆవ పెట్టి, కొసరి కొసరి వడ్డించింది.

"పెద్దమ్మా, దిస్ ఈజ్ బ్రైబరీ. ఐ యామ్ జస్ట్ సేయింగ్" అంది మేఘన, నా పళ్ళెంలోంచి జిలేబీ తీసుకుంటూ. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది. నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషే ముందు దూకుతుంది.

అనుకున్న ప్రయాణం ఇది: శనివారం హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం, ఆదివారం కాన్‌బెర్రా పక్కన గంగాలిన్‌లో శ్రీనివాస్ ఇంట్లో భోజనం. శ్రీనివాస్ మూర్తికి ఎడారిలో పదేళ్ళ స్నేహితుడు. అతనికీ అదే కబురు వచ్చిందట. మా నలుగురికీ, లలిత సర్దిన పచ్చళ్ళకీ వాళ్ళ చిన్న కారు చాలదని మూర్తి పెద్ద కారు అద్దెకి తెచ్చాడు.

హెలెన్స్‌బర్గ్: స్వామికి రెండు అర్జీలు

సిడ్నీ దాటి దక్షిణంగా వెళ్తే రెండు పక్కలా అడవి. నీలగిరి చెట్లు తప్ప ఇంకో చెట్టు పుట్టడం ఇక్కడ నేరమేమో అనిపిస్తుంది. వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి తెల్లటి గోపురం లేస్తుంది. చెట్ల మీద తెల్ల చిలకలు గయ్యిమంటూ అరుస్తున్నాయి. లోపల సుప్రభాతం కంటే వాటి గోలే ఎక్కువ వినబడింది.

దర్శనమయ్యాక మూర్తి మరీ సేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"ఏం కోరుకున్నారేంటి అంతసేపు?" అన్నాను.

"రేటు ఇంకో మూడేళ్ళు నిలబడాలని."

లలితని చూశాను. చూపు తిప్పేసుకుంది. "నేను పడిపోవాలని మొక్కుకున్నాను. తలనీలాలు కూడా ఇస్తానన్నాను" అంది గొణుగుతూ.

"ఎవరివి?"

"ఆయనవే. ఎలాగూ ఊడిపోతున్నాయిగా."

పాపం స్వామి. ఒకే గుమ్మంలోంచి ఒకే నిమిషంలో రెండు అర్జీలు, ఒకదానికొకటి అడ్డం. పులిహోర ప్రసాదం తిని, క్యాంటీన్‌లో దోసెలు తీసుకున్నాం. ఒక్కో దోసె ఎన్ని వందల రూపాయలో లెక్క కట్టి ఠారెత్తిపోయాను. "స్టాప్ కన్వర్టింగ్ పెద్దమ్మా, నీకు డైజెస్ట్ అవ్వదు" అని మేఘన నా ఫోన్ లాక్కుంది.

ఆ తర్వాత ఊళ్ళోకి వెళ్ళాం. గుడి పేరే మనకి తెలుసు కానీ, హెలెన్స్‌బర్గ్ అసలు బొగ్గు గని ఊరు. వీధులు చిన్నవి, ఇళ్ళు చెక్కవి. బేకరీ బయట బల్ల దగ్గర ఒక ముసలాయన మన పఫ్ లాంటి మాంసం 'పై' ఒకటి తింటూ మాకు చోటిచ్చాడు. పేరు గ్యారీ, నలభై ఏళ్ళు గనుల్లో పని చేశాడట. మూర్తి తానూ నేల తవ్వే జాతేనని చెప్పగానే ఇద్దరూ అన్నదమ్ముల్లా కలిసిపోయారు. సంబంధం లేని ఇద్దరు మగవాళ్ళు బోరింగు గురించి అంత ప్రేమగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

బొగ్గు గనుల ఊళ్ళు ఎలా నడుస్తాయని నేను అడిగాను. పాఠం చెప్పే బుద్ధి పోదు కదా. గ్యారీ నవ్వాడు. తను పనిచేసిన ఊళ్ళ గురించి చెప్పాడు. ఏ ఊరి బాగోగులు తెలియాలన్నా పేపర్లు చదవనక్కర్లేదట, రోడ్డు పక్కన చూస్తే చాలట. బొగ్గు ధర లేస్తే కుర్రాళ్ళంతా అప్పు చేసి మోటారు పడవలు కొంటారు. పడితే ఆ పడవలే 'అమ్మబడును' అని అట్టముక్క కట్టుకుని ఇళ్ళ ముందు గడ్డిలో కూర్చుంటాయి. "నేనూ ఒకటి కొన్నాను. రెండుసార్లు సముద్రం చూసింది. మా ఆవిడ అందులో టమాటా మొక్కలు వేసింది" అన్నాడు.

అందరం నవ్వాం. మూర్తి నవ్వలేదు. కారెక్కాక చాలాసేపటికి అన్నాడు: "అక్కడ విమానాశ్రయం దగ్గర కార్లుండేవి వదినగారూ. రేటు పడ్డప్పుడు వాయిదాలు కట్టలేక తాళాలు లోపలే వదిలేసి, విమానమెక్కి వెళ్ళిపోయేవారు. అద్దాల మీద వేలెడు దుమ్ము. రోజూ ఆ పక్కనుంచే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి."

"మరి మళ్ళీ ఎందుకండీ అక్కడికి?" అంది లలిత.

"ఇప్పుడు లేచింది కదా" అన్నాడు.

కొంచెం ముందుకెళ్తే సముద్రం మీదకి చూసే ఎత్తైన కొండ గట్టు వచ్చింది. రెక్కలు కట్టుకున్న మనుషులు గట్టు మీంచి దూకి గాల్లో తేలుతున్నారు. కింద నీలం నీళ్ళు, అంచున పెద్ద పెద్ద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి, రేవులో వంతు కోసం. మనుషులు ఎగురుతున్నారని అందరం పైకి చూస్తుంటే మూర్తి ఒక్కడూ ఓడలవైపు చూశాడు. "ఈ దేశం కూడా నేల కిందది అమ్ముకునే బతుకుతోంది. బొగ్గు, ఇనుము, గ్యాసు. దీనికేం లోటొచ్చింది?" అన్నాడు. వాదన గెలిచినట్టే మొహం పెట్టాడు.

"దీనికి గోధుమలున్నాయి, గొర్రెలున్నాయి, మీ అమ్మాయి లాంటి వాళ్ళ దగ్గర ఫీజులు గుంజే యూనివర్సిటీలున్నాయి" అన్నాను.

"యూనివర్సిటీలు ఈజ్ సో ట్రూ" అంది మేఘన.

గౌల్‌బర్న్: పెద్ద గొర్రె నీడన

ఆదివారం పొద్దున హైవే మీద బాగానే వెళ్తున్నాం. గౌల్‌బర్న్‌లో రెండు మేడలంత ఎత్తున సిమెంటు గొర్రె ఒకటుంది. దాని దగ్గర్లోనే ఒక బంకులో ఆగాం. ఈ దేశంలో బంకులో పోసే మనిషి ఉండడు. ఎవరి కారుకి వాళ్ళే పోసుకుని లోపలికెళ్ళి డబ్బు కట్టాలి. ఎడారిలో ఇరవై రెండేళ్ళూ మూర్తి కారు దిగలేదు, అద్దం దించి వేలు చూపించేవాడట. ఇక్కడ మాత్రం దిగి, గొట్టం పట్టుకుని, మంచి హుషారులో ఉన్నాడు. నేను కిటికీలోంచి ఏదో అడిగానని గంధకం తక్కువుండే ముడి చమురుకీ, ఎక్కువుండేదానికీ తేడా ఏంటో చెప్పడం మొదలుపెట్టాడు. నిజంగా చక్కగా చెప్పాడు. నా క్లాసులో పెట్టుకోవాల్సిన మనిషి.

అప్పుడే లలిత కిందికి దిగి కారు వెనక్కి వెళ్ళింది. "ఏవండీ, ఈ మూత మీద డీజిల్ ఓన్లీ అని ఉందేంటండీ?"

మూర్తి చేతిలో గొట్టం చూసుకున్నాడు. అది పెట్రోలు. ఇంటి కారు పెట్రోలుది, చెయ్యి అలవాటు కొద్దీ దానివైపే పోయింది. అప్పటికే ట్యాంకు ముప్పాతిక నిండింది.

ముందు మేఘన మొదలుపెట్టింది. తర్వాత లలిత. చివరికి నేనూ ఆపుకోలేకపోయాను. భూమి పొట్టలోంచి నూనె లాగిన ఇంజనీరు, ఒక దేశం బతుకుని మోసినవాళ్ళలో ఒకడు, తన కారు ఏది తాగుతుందో చూసుకోలేదు. "నవ్వండి, నవ్వండి. ఇంజన్ స్టార్ట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. లోపల డబ్బు తీసుకునే ఆవిడ "నో వరీస్ లవ్, రోజుకొకరైనా చేస్తారు" అంది. మూర్తి చేసే పని ఏమిటని అడిగింది. మేఘన టక్కున పాత ఉద్యోగం సంగతి చెప్పేసింది. ఆవిడ నవ్విన నవ్వుకి గొర్రె కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

ఆదివారం కావడంతో ట్యాంకు తోడే మనిషి రావడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు. సెలవు రోజు రేటు వేరే అని కూడా చెప్పారు. మూర్తి ఫోన్ పట్టుకుని బంకు చుట్టూ తిరుగుతున్నాడు. లలితా నేనూ గొర్రె నీడన బెంచీ మీద కూర్చుని నిన్నటి పులిహోర తిన్నాం.

"అక్కా, ఒకటి చెప్తాను, కోప్పడకు" అంది లలిత. "ఆయన ఎందుకు వెళ్తానంటున్నారనుకుంటున్నావు?"

"ఎందుకేముంది? హోదా. అక్కడ సలాములు, ఇక్కడ కాలువలు."

"అది కొంచెమే. నువ్వు కిరణ్ ఫ్లాట్ గురించి ఫోన్ చేశావు చూడు, మొదటి వాయిదాకి ఏదైనా సర్దమని. ఆ మర్నాడే ఆయన పాత కంపెనీ వాళ్ళకి ఉత్తరం రాశారు. వాళ్ళంతట వాళ్ళు పిలవలేదు. ఈయనే అడిగారు."

పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిరణ్ మా అబ్బాయి, విశాఖలో ఉద్యోగం. ఫ్లాట్ సంగతి నేను అడిగిన మాట నిజమే. కరివేపాకు తెమ్మన్నంత తేలిగ్గా అడిగాను. తొందరేం లేదని కూడా అన్నాను, అదేదో నా మంచితనం లాగా. "అలాగే వదినగారూ" అన్నాడు మూర్తి. అతను ఎప్పుడూ అదే అన్నాడు. మా నాన్నకి కంటి ఆపరేషన్ అన్నా అదే, మా మేడ మీద గదులన్నా అదే, కిరణ్ ఇంజనీరింగ్ అన్నా అదే.

"ఇక్కడి జీతంలోంచి కుదరదని చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్పడానికి ఆయనకి నోరు రాదక్కా. నేను చెప్తే నీకు కోపమొస్తుందని నేనూ చెప్పలేదు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. ముప్ఫై ఏళ్ళు, ప్రతి ఏటా, సుద్దముక్క అరిగేదాకా చెప్పాను, ఒకే సరుకు మీద బతికేవాళ్ళ గతి ఏమవుతుందో. అలా బతికిన ఇళ్ళలో మొదటిది మాదేనని ఒక్క పూటా తట్టలేదు. మా సరుకు మూర్తి. అతన్ని తవ్వుకుంటూ పోయాం. రేటు పడి ఉద్యోగం పోయినప్పుడు కూడా అయ్యో అన్నాను గానీ, అడిగే అలవాటు పోలేదు. ఆరేళ్ళు ఆగి మళ్ళీ అడిగాను. అటు చూస్తే అతను బంకు గోడ పక్కన నిలబడి, తోడే మనిషిని ఇంగ్లీషులో బతిమాలుతున్నాడు.

గంగాలిన్: తీర్పు

గంగాలిన్ చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. కొత్త ఊరు, కొత్త ఇళ్ళు, గీత గీసినట్టున్న వీధులు. మధ్యలోంచి ఎర్ర ట్రాము సిటీకి వెళ్తుంది. శ్రీనివాస్ కరీంనగర్ మనిషి. ఇక్కడ సర్కారు ఆఫీసులో కంప్యూటర్ పని. పెరట్లో మిరప మొక్కల మధ్య నిలబడి చేతులు చాపాడు.

"అన్నా! మధ్యాహ్నం బువ్వకు రమ్మంటే సాయంత్రం చాయ్‌కి వచ్చినవ్! డీజిల్ బండ్ల పెట్రోల్ పోసినవంటగద. మేఘన మెసేజ్ వెట్టింది. గా కంపెనీ వాళ్ళకు తెలిస్తె ఆఫర్ వాపస్ తీసుకుంటరు!"

వాళ్ళావిడ స్వప్న వేడివేడి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు వేసి గిన్నెకి అద్ది కాల్చిన రొట్టె. మా తపాలా చెక్కకి అక్కచెల్లెలు లాంటిది. నాలుగు తిన్నాను, బాధలో ఉన్నా.

మూర్తి విషయానికి వచ్చాడు. "నువ్వేం రాశావు వాళ్ళకి?"

"రానని రాసిన" అన్నాడు శ్రీనివాస్ చాయ్ ఊదుకుంటూ. "ఆడ మనం నౌకరి జేసినమా అన్నా? రేటు లేస్తె రమ్మంటరు, పడితె పొమ్మంటరు. గా దేశం సుత పాపం గట్లనే బతుకుతది. ఈడ జీతం తక్కువనే. కాని పొద్దుగాల లేచి రేటు జూసే పని లేదు. స్వప్న సుత పని జేస్తది. ఒకరికి పోతె ఇంకొకరిది ఉంటది."

"ఇప్పుడు రేటు బాగుంది కదా..."

"ఇప్పుడు" అన్నాడు శ్రీనివాస్.

మూర్తి గడియారం చూసుకున్నాడు. "సరే, వదినగారు చెప్పాలి. మాట ఇచ్చాను."

అందరూ నా వైపు తిరిగారు. కారులో నేను తయారు చేసుకున్న పాఠం నాలుక చివర ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను.

"మూర్తి గారూ, కిరణ్ ఫ్లాట్ సంగతి మర్చిపోండి. నేను అడగకుండా ఉండాల్సింది. ఇక దేనికీ అడగను."

అతను సంతోషిస్తాడనుకున్నాను. బరువు దిగినట్టు నవ్వుతాడనుకున్నాను. అతను లలితవైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. మొహం పాలిపోయింది.

"అదేంటి వదినగారూ? నేనేం తప్పు చేశాను?" అన్నాడు. "ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఏం కావాలన్నా ముందు నాకే చెప్పారు. ఇక్కడికొచ్చాక ఆరేళ్ళలో ఎవరికీ ఏమీ పంపలేదు. ఫోన్లు కూడా తగ్గిపోయాయి. మొన్న మీరు ఫ్లాట్ గురించి అడిగితే నాకెంత ఆనందమైందో తెలుసా? మళ్ళీ నా అవసరం పడిందనుకున్నాను. ఇప్పుడు అదీ వద్దంటే ఇక నేనెవరికి?"

నా పాఠంలో ఈ ముక్క లేదు. తవ్వుకుని బతికేవాళ్ళ గతి చెప్పాను గానీ, ఆ తవ్వించుకునే నేల గుండెలో ఏముంటుందో ఏ పుస్తకమూ రాయలేదు. తవ్వేవాళ్ళు చాలంటే తనలో ఇసుక తప్ప ఏమీ మిగలదనే భయం అది. ఫోన్లు తగ్గిన మాట నిజం. నేనే తగ్గించాను. అడగడానికి ఏమీ లేనప్పుడు చేయాలని తోచలేదు.

లలిత కళ్ళు తుడుచుకుంటోంది. మేఘన గ్లాసు కింద పెట్టింది.

"నాన్నా, నాకు డ్రైవింగ్ లైసెన్స్‌కి ఇంకా ఎయిటీ అవర్స్ ప్రాక్టీస్ కావాలి. వన్ ట్వంటీలో ఫార్టీయే అయ్యాయి. ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, ఇట్స్ ద లా. నువ్వు వెళ్ళిపోతే హూ విల్ సిట్?"

"అమ్మ ఉందిగా."

"అమ్మ బ్రేక్ లేనివైపు బ్రేక్ తొక్కుతుంది. అండ్ షీ స్క్రీమ్స్. నువ్వే కావాలి నాన్నా" అంది. ఆ చివరి మూడు మాటలూ తెలుగులోనే అంది.

మూర్తి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చుని ఫోన్‌లోనే కంపెనీకి రానని ఉత్తరం రాశాడు. రాయడానికి అరగంట పట్టింది. ఉన్నది రెండే వాక్యాలు. పంపాక తిరిగి వచ్చి "అయిపోయింది" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా, మళ్ళీ మెట్టు దగ్గరికే వెళ్ళిపోయాడు.

నా పని మిగిలింది. మనకి అప్పుడు మధ్యాహ్నం. కిరణ్‌కి ఫోన్ చేశాను.

"చెప్పమ్మా, బాబాయ్ ఏమన్నాడు?" అన్నాడు వాడు. హలో కూడా లేదు. తప్పు వాడిది కాదు, నేర్పింది నేనే.

"ఆయన ఏమీ అనలేదు. నేనే వద్దన్నాను. ఇక మనం ఆయన్ని ఏదీ అడగం."

"అదేంటి? మరి వాయిదా ఎలా? బిల్డర్ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. పోతే పోతుంది ఆ ఫ్లాట్. మనకున్నంతలో పాతదో చిన్నదో చూసుకుందాం. అద్దెకైనా ఉందాం."

"పోనీ బాబాయ్‌కి ఇవ్వు, నేను మాట్లాడతాను" అన్నాడు.

"అడగడానికైతే ఇవ్వనురా. ఎలా ఉన్నారో కనుక్కోవడానికైతే ఇస్తాను."

"ఇవ్వు" అన్నాడు మెల్లిగా.

పెరట్లోకి వెళ్ళి ఫోన్ అందించాను. తెర మీద పేరు చూడగానే మూర్తి నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ, కిరణూ! చెప్పరా, ఎంత పంపాలి?"

అవతల వాడు ఏదో అన్నాడు. మూర్తి వింటూ ఉండిపోయాడు.

"నేనా? బానే ఉన్నానురా" అన్నాడు. కొంచెం ఆగి, "కుడి మోకాలు బాగా నొప్పి చేస్తోంది. ఏడాది నుంచీ" అన్నాడు.

నా వెనకే చాయ్ తెస్తున్న లలిత అక్కడే ఆగిపోయింది. ఆ సంగతి దానికి కూడా తెలియదు.